గడియారం సెల్లు

సంచికకు ఏదైనా రాయమని కమిటీ తమ్ముళ్ళు ఫోను చేసినప్పుడు, అందరూ రాసేదే మేమూ రాద్దామనుకున్నాం. నీళ్ళ పప్పు గురించి, తెల్లారగట్ల బోరింగు దగ్గర బకెట్ల వరుస గురించి, ఆదివారం గుడ్డు గురించి. కానీ గుడ్డు గురించి పాత సంచికల్లో అన్నలు చాలామంది రాసేశారు. మేము కొత్తగా చెప్పేదేమీ మిగల్లేదు.

అందుకని ఈసారి డబ్బు గురించి రాస్తున్నాం. మనకు రావలసిన స్కాలర్‌షిప్పు గురించి కాదు. సర్కారు బడిలో మన పక్క బెంచీలో కూర్చునే వినపడని, కనపడని, నడవలేని, మాట రాని పిల్లల చదువుకు ప్రభుత్వాలు డబ్బు ఏ లెక్కన ఇస్తున్నాయి, ఏ లెక్కన ఇవ్వాలి అన్న సంగతి. ఇది హాస్టల్ సంచికలో రాసే విషయమా అని కొందరికి అనిపించవచ్చు. మాకైతే ఈ సంగతి మొదట తెలిసింది మన స్టడీ హాల్లోనే.

మేము అంటే 1999లో పదో తరగతి పరీక్ష రాసిన బ్యాచ్. రాస్తున్న చెయ్యి ఒకరిదే గానీ మాటలు వాట్సాప్ గ్రూపులోని పదకొండు మందివి. మాలో ఒకరు సెకండరీ గ్రేడ్ టీచరు. ఒకరు మండల కేంద్రంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పే కాంట్రాక్టు ఉద్యోగి. ఒకరు ఆర్టీసీ కండక్టరు. ఒకరు అమెరికాలో టెక్సాస్‌లో ఉన్నారు. తప్పులుంటే పదకొండు మందివీ.

మా బ్యాచ్‌లో 37 నంబరు పెట్టె ఒకటుండేది. మీకు తెలుసుగా, ట్రంకు పెట్టె మూత మీద తెల్ల రంగుతో నంబరు వేస్తారు. ఆ పెట్టె గల కుర్రవాడు 1994 జూన్‌లో మాతోపాటే ఆరో తరగతిలో చేరాడు. వాళ్ళ నాన్న కూలి పని చేసే మనిషి. చేర్చిన రోజున వార్డెన్ గారితో, “మావాడికి చెవులు సరిగా వినపడవు సార్, కానీ లెక్కలు బాగా చేస్తాడు” అని చేతులు కట్టుకుని చెప్పాడు. మొదటి ఏడాది మేము వాణ్ణి ఏమని పిలిచేవాళ్ళమో ఇక్కడ రాయం. మీరు ఊహించగలరు. ఆ పేరు మానేసి 37 అని పిలవడం మొదలుపెట్టాక వాడు మా స్నేహితుడయ్యాడు. వాడికి ఆ పేరు ఇష్టం, ఎందుకంటే వేళ్ళతో చూపించొచ్చు.

37 బడిలో ఎప్పుడూ మొదటి బెంచీ. సార్ మనవైపు తిరిగి మాట్లాడినంతసేపూ పెదవులు చూసి పాఠం అందుకునేవాడు. సార్ బోర్డు వైపు తిరిగితే వాడి పాఠం ఆగిపోయేది. లెక్కల పీరియడులో ఇబ్బంది లేదు, బోర్డు మీదే అంతా ఉంటుంది. సాంఘిక శాస్త్రం, తెలుగు, ఇంగ్లీషు పీరియడుల్లో వాడు మా నోట్సులు చూసి రాసుకునేవాడు. మా అక్షరాలు చూసి నేర్చుకున్న ఇంగ్లీషు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

1995లో జిల్లా కేంద్రంలో శిబిరం పెట్టి వినికిడి మిషన్లు ఇచ్చారు. వాడికీ ఒకటి వచ్చింది. ఇప్పటివాళ్ళు చూసి ఉండరు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, చొక్కా జేబులో పెట్టుకోవాలి, అందులోంచి వైరు చెవికి వెళుతుంది. మొదటి రాత్రి మెస్సులో వంద పళ్ళేల చప్పుడు ఒక్కసారిగా చెవిలో పడేసరికి వాడు అన్నం ముందు నుంచి లేచి బయటికి పరిగెత్తాడు. కానీ క్లాసులో ఒకే గొంతు ఉన్నప్పుడు ఆ మిషన్ బాగానే పనిచేసింది. సార్ బోర్డు వైపు తిరిగినా ఏదో వినపడుతోందని సైగ చేసేవాడు. ఆ నెల యూనిట్ టెస్టులో సాంఘిక శాస్త్రంలో మా అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. మాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆ మిషన్‌లో పెన్సిల్ సెల్లు వెయ్యాలి. పది పదిహేను రోజులకొకటి. మిషన్‌తోపాటు ఇచ్చిన సెల్లులు అయిపోయాయి. తర్వాత సెల్లు ఎవరు కొనాలి? బడిలో అడిగితే మిషన్ మేము ఇచ్చింది కాదన్నారు. హాస్టల్లో అడిగితే మెస్ ఛార్జీలకు పద్దు ఉంది, కాస్మెటిక్ ఛార్జీలకు ఉంది, దుప్పటికి ఉంది, పెట్టెకు ఉంది, సెల్లుకు పద్దు లేదన్నారు. ఇచ్చినవాళ్ళు శిబిరం ఎత్తేసి వెళ్ళిపోయారు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ దొంగతనం చేయలేదు. నిజంగానే ఎవరి పద్దులోనూ ఆ సెల్లు లేదు.

మేము సబ్బులు అమ్మాం. నెలకిచ్చే సబ్బుల్లో ఒకటి చిల్లర కొట్టులో ఇస్తే కొట్టు తాత సెల్లు ఇచ్చేవాడు. వంతులు వేసుకున్నాం. అయిపోయిన సెల్లుల్ని ఎండలో పెడితే మళ్ళీ కొంచెం పనిచేస్తాయని అందరం అనుకునేవాళ్ళం కదా, అలాగే డాబా మీద వరుసగా పేర్చేవాళ్ళం. అలా పెట్టిన సెల్లు ఒక పీరియడు నడిచేది, ఒక్కోసారి అదీ లేదు.

నవంబరులో క్వార్టర్లీ పేపర్లు ఇస్తున్న రోజుల్లో ఒకనాడు సెల్లు పూర్తిగా పోయింది. సబ్బులు లేవు. మర్నాడు ఇంగ్లీషు సార్ డిక్టేషన్ పెడతానన్నారు. మాలో ఒకడు (ఇప్పుడు కండక్టరు) స్టడీ హాల్లో బల్ల మీద బల్ల వేసి ఎక్కి గోడ గడియారం దించి దాంట్లోంచి సెల్లు తీశాడు. గడియారం 7 గంటల 10 నిమిషాల దగ్గర ఆగింది. ఆ సంగతి తెలియని కామాటి తాత వచ్చినప్పుడల్లా గడియారం చూసి, ఇంకా ఏడుంబావు కూడా కాలేదని వెనక్కి వెళ్ళిపోయేవాడు. అన్నం గంట కొట్టనే లేదు. వంటమనిషి అరుస్తూ వచ్చేసరికి తొమ్మిదిన్నర. ఆ రోజు మన హాస్టల్ చరిత్రలోకెల్లా పొడవైన స్టడీ అవరు జరిగింది.

మర్నాడు వార్డెన్ గారు అందర్నీ నిలబెట్టి అడిగారు. ఎవరూ చెప్పలేదు. 37కు ప్రశ్న వినపడి ఉండదు. కానీ అందరి మొహాలూ చూసి అర్థం చేసుకున్నాడు. లేచి వెళ్ళి, జేబులోంచి మిషన్ తీసి, అందులోని సెల్లు సార్ బల్ల మీద పెట్టాడు. సార్ కొట్టలేదు. ఆ సెల్లు వాడికే ఇచ్చేసి, గడియారానికి కొత్తది తెప్పించారు. తర్వాత తెలిసింది, గడియారం సెల్లు కంటింజెన్సీ పద్దులో రాసుకోవచ్చట. గోడ మీది గడియారానికి పద్దు ఉంది. వాడి చెవికి లేదు.

37 ఏడో తరగతి పరీక్ష పాసయ్యాడు. ఎనిమిదిలో 1997 సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళి తిరిగి రాలేదు. పెట్టె మంచం కిందే ఉండిపోయింది. ఏప్రిల్‌లో వాళ్ళ నాన్న వచ్చి పెట్టె తీసుకుపోతూ, అందులో ఉన్న సబ్బు డబ్బా తెరిచి ఇవేమిట్రా అని మమ్మల్ని అడిగాడు. నిండా అయిపోయిన సెల్లులు. ఎండలో పెట్టడానికి దాచుకున్నవి.

చాలా ఏళ్ళు ఈ సంగతిని మేము మా ఇంట్లో పిల్లలకు తమాషా కథగా చెప్పుకున్నాం. గడియారం ఆగిపోవడం దాకా చెప్పి నవ్వించేవాళ్ళం. మాలో ఒకరికి భవిత కేంద్రంలో ఉద్యోగం వచ్చి, లెక్కలూ సర్క్యులర్లూ చూడడం మొదలుపెట్టాకనే దీంట్లో తమాషా ఏమీ లేదని అర్థమైంది.

37 బడిలో ఉన్న రోజుల్లో చట్టం లేదా అంటే ఉంది. వికలాంగ పిల్లల్ని మామూలు బళ్ళలో చదివించడానికి కేంద్ర పథకం 1974 నుంచీ ఉంది. 18 ఏళ్ళు నిండేదాకా ఉచిత చదువు ఇవ్వాలన్న 1995 నాటి చట్టం 1996 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది. అంటే వాడు ఏడో తరగతిలో ఉండగా. తర్వాత సర్వశిక్షా అభియాన్ వచ్చింది, ఒక్కో పిల్లవాడికి ఏడాదికి 1200 రూపాయల దాకా అంది. విద్యాహక్కు చట్టం తర్వాత దాన్ని 3000 చేశారు, అందులో 1000 రూపాయలు ప్రత్యేకంగా చదువు చెప్పే టీచరు కోసమే వాడాలన్నారు. 2018లో వచ్చిన సమగ్ర శిక్ష దాన్ని 3500 చేసింది. ఆడపిల్లలకైతే నెలకు 200 చొప్పున పది నెలలు స్టైపెండు పెట్టింది. మన రాష్ట్రాల్లో ఇందులో కేంద్రం 60 పాళ్ళు, రాష్ట్రం 40 పాళ్ళు భరించాలి. ఈలోగా 2016 చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. పిలిచే పేరు కూడా మారింది. వికలాంగులన్నారు, విభిన్న ప్రతిభావంతులన్నారు, దివ్యాంగులన్నారు.

3500ను 365తో భాగించి చూడండి. రోజుకు పది రూపాయలు కూడా రాదు. కానీ మా అసలు ఫిర్యాదు మొత్తం తక్కువని కాదు. తక్కువే, అది వేరే మాట. తలకింత అని లెక్కగట్టే పద్ధతి మీదనే మా ఫిర్యాదు.

తలకింత లెక్క గురించి మనకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. మనం తిన్న అన్నమంతా తలకింత లెక్కే. రోల్‌కాల్‌లో ఎన్ని తలలుంటే అన్ని మెస్ ఛార్జీలు. ఆ లెక్క ఎక్కడ నడుస్తుందో ఎక్కడ నడవదో మన వార్డెన్ గారిని అడిగితే చెబుతారు. వంద మంది ఉంటే నడుస్తుంది. సెలవుల ముందు ముప్పై మంది మిగిలినప్పుడు, తలకు అదే డబ్బైనా సాంబారు నీళ్ళవుతుంది. పొయ్యి అదే, వంటమనిషి ఒక్కరే, ముప్పై మందికైనా వంద మందికైనా. పైగా అందరి ఆకలీ ఇంచుమించు ఒకటే కాబట్టి తలకింత అన్న మాటకు మెస్సులో అర్థముంది.

ఊరి బడిలో వినపడని పిల్లవాడు ఒక్కడే ఉంటాడు. పక్క ఊళ్ళో కనపడని అమ్మాయి ఒక్కతే. ఇంకో ఊళ్ళో మెదడు వాపు వచ్చి నడక పోయినవాడు. వీళ్ళ ముగ్గురి తలల మీది డబ్బూ కలిపితే 10,500. దాంతో సైగల భాష వచ్చిన టీచరు వస్తారా, బ్రెయిలీ నేర్పేవాళ్ళు వస్తారా, ఫిజియోథెరపీ చేసేవాళ్ళు వస్తారా? పాత లెక్కలో టీచరు కోసమని తీసిపెట్టిన 1000 రూపాయలే చూడండి. టీచరుకు నెలకు 15,000 ఇస్తారనుకుందాం, ఏడాదికి 1,80,000. అంటే ఒక్క టీచరు జీతానికి 180 మంది పిల్లలు కావాలి. 180 మందిని ఒక్కరు ఎలా చూస్తారు? అందుకే ఆ ఉద్యోగాలు ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీద, ఒక మనిషి మండలమంతా తిరిగే పద్ధతిలో నడిచాయి. మా స్నేహితుడు సోమవారం ఒక ఊరు, మంగళవారం ఒక ఊరు తిరుగుతాడు. వారానికి ఒక రోజు కనిపించే సార్‌ను పిల్లలు డాక్టరనుకుంటారు.

ఇంకో సంగతి. కాగితం ప్రకారం ఆ 3500లోంచి సెల్లూ కొనవచ్చు, చెవికి పెట్టే అచ్చూ చేయించవచ్చు. కానీ ఆ డబ్బు పిల్లవాడి బడికి రాదు. పైన అందరివీ కలిపి, శిబిరాలకింత, పరికరాలకింత, రవాణా భత్యాలకింత అని విడగొట్టి ప్రణాళిక రాస్తారు. పరికరం కనపడుతుంది, ఫొటోకు వస్తుంది. సెల్లు ఫొటోకు రాదు. ఎద్దును కొనిచ్చి గడ్డి సంగతి మరిచిపోయినట్టు.

ఈ లెక్కలో రాయకుండా ఖర్చు పెడుతున్నది ఒకరున్నారు. తల్లి. భవిత కేంద్రం మండలంలో ఉంటుంది. పిల్లవాణ్ణి ఎత్తుకుని ఆటో ఎక్కి తీసుకొచ్చి, వాడి పని అయ్యేదాకా వరండాలో కూర్చుని, మళ్ళీ తీసుకుపోవాలి. ఆ రోజు కూలి పోయినట్టే. తోడు వచ్చినందుకు ఎస్కార్ట్ భత్యమని ఇస్తారు గానీ అది పోయిన కూలికి సరిపోదు. మిరపకోతల కాలంలో భవిత కేంద్రం ఖాళీగా ఉంటుందని మా స్నేహితుడు చెబుతాడు. పైవాళ్ళు హాజరు తగ్గిందని రాసుకుంటారు. ఆమె బద్ధకించిందనుకుంటారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను నెలకు 6000 అయింది. చాలా మంచి పని, ఇంకా పెంచినా మాకు సంతోషమే. పింఛనూ చదువు ఖర్చూ ఒకటి కాదు, పోల్చకూడదని మాకూ తెలుసు. అయినా పక్కపక్కన పెట్టి చూస్తే ఆగలేకపోయాం. బతకడానికి నెలకు 6000, చదవడానికి ఏడాదికి 3500. మొదటిది ఎన్నికల సభలో వినపడుతుంది. రెండోది ఏ సభలోనూ మేము వినలేదు.

ఇది మన పేదరికం వల్ల వచ్చిన చిక్కు అనుకునేవాళ్ళం. గ్రూపులో ఈ చర్చ నడుస్తుండగా టెక్సాస్‌లో ఉన్న మావాడు ఒక రాత్రి పొడవాటి వాయిస్ మెసేజి పెట్టాడు. వాడి కొడుక్కి ఆటిజం. ఆ సంగతి అంతవరకు మాకెవరికీ చెప్పలేదు. అక్కడి సర్కారు బళ్ళ గురించి వాడు చెప్పింది విన్నాక మాకు నోట మాట రాలేదు.

2004లో ఆ రాష్ట్ర విద్యాశాఖ జిల్లాలకు ఒక గీత గీసింది. ప్రత్యేక విద్య పొందే పిల్లలు మొత్తం పిల్లల్లో 8.5 శాతం దాటితే జిల్లాకు మంచి మార్కులు రావు. ఇంకేముంది, పిల్లలు తగ్గిపోయారు. వైకల్యం తగ్గలేదు, లెక్కలో తగ్గారు. తల్లిదండ్రులు పరీక్ష చేయించమని అడిగితే తర్వాత చూద్దామన్నారు. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. 2017లో అక్కడి శాసనసభ అలాంటి గీతలు గీయకూడదని చట్టం చేసింది. రాష్ట్రం చట్టాన్ని ఉల్లంఘించిందని 2018 జనవరిలో కేంద్ర విద్యాశాఖే తేల్చింది. అక్కడి కేంద్రం కూడా తక్కువ తినలేదు. ఈ పిల్లలకయ్యే అదనపు ఖర్చులో 40 శాతం దాకా ఇస్తామని 1975లో చట్టంలో రాసుకుంది, ఆ మాట ఈనాటికీ నిలబెట్టుకోలేదు.

మాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది డబ్బు లెక్క. పిల్లవాడు ఏ రకం గదిలో కూర్చున్నాడన్నదాన్ని బట్టి అక్కడ రాష్ట్రం డబ్బు లెక్కగట్టేది. అందరితోపాటు మామూలు క్లాసులో కూర్చుంటే తక్కువ, విడి గదిలో కూర్చుంటే ఎక్కువ. నీరు పల్లమెరుగు అంటారు కదా. డబ్బు ఎటు వాలి ఉంటే పిల్లల్ని అటు తోయాలన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. 2025లో చేసిన చట్టంతో దీన్ని మారుస్తున్నారు. 2026-27 విద్యాసంవత్సరం నుంచి పిల్లవాడు ఏ గదిలో ఉన్నాడని కాకుండా, వాడికి ఎంత సాయం అవసరం అన్నదాన్ని బట్టి అంచెలుగా లెక్కగడతారు. మొదటిసారి పరీక్ష చేసి వైకల్యం తేల్చినందుకు కూడా జిల్లాకు పరీక్షకు 1000 డాలర్ల చొప్పున ఇస్తారు. అది ఎలా నడుస్తుందో ముందు ముందు మావాడే చెప్పాలి.

ఇదంతా విన్నాక మాలో వాదన జరిగింది. టీచరు స్నేహితుడు అన్నాడు, అవసరాన్ని బట్టి ఇస్తే అవసరం ఎంతో తేల్చేది ఎవరు? మన దగ్గర సదరం శిబిరంలో స్లాటు దొరకడానికే నెలలు పడుతుంది. 40 శాతం అని రాస్తే తలుపులు తెరుచుకుంటాయి, 35 అని రాస్తే మూసుకుంటాయి. వాడన్నదీ నిజమే. అందుకని మేము చివరికి ఒప్పుకున్న మాట ఇది. ముందు మనిషికి డబ్బివ్వాలి. మండలంలో ఎంతమంది పిల్లలు నమోదయ్యారన్నదానితో సంబంధం లేకుండా, కదలని పోస్టులో కొందరు టీచర్లు ఉండాలి. వంద మంది ఉన్నా ముప్పై మంది ఉన్నా హాస్టల్‌కు వంటమనిషి ఉన్నట్టు. ఆ మనిషి ఉంటే కాగితం లేని పిల్లవాడికీ పాఠం అందుతుంది. ఆ తర్వాత పిల్లవాడి అవసరాన్ని బట్టి ఎక్కువ తక్కువలు. ఆ డబ్బులో కొంత బడి చేతికే రావాలి, జూన్‌లో రావాలి. సెల్లు జనవరిలో కొంటే జూన్ నుంచి జనవరి దాకా వాడు ఏం విన్నట్టు?

ఇందులో మొదటి మాట మేము కనిపెట్టింది కాదు. సుప్రీంకోర్టు 2021 అక్టోబరులోనే చెప్పింది. ప్రైమరీలో ప్రతి 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, ఆ పై తరగతుల్లో ప్రతి 15 మందికి ఒక ప్రత్యేక టీచరు ఉండాలని. రాష్ట్రాలు కదలకపోయేసరికి 2025 మార్చిలో మళ్ళీ గట్టిగా మందలించి, పోస్టులు ఎన్నో తేల్చి ప్రకటించండని గడువు పెట్టింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులకు గాను 1,016 ప్రత్యేక విద్య టీచర్లవి. ఆంధ్రప్రదేశ్ 2025 ఏప్రిల్‌లో 2,260 పోస్టులు సృష్టిస్తూ ఉత్తర్వులిచ్చింది. దాదాపు 680 మండలాలున్న రాష్ట్రంలో అంటే మండలానికి మూడుకు కాస్త పైన. పోస్టు అంటే పద్దు. జీతం పద్దులో పడిన మనిషిని ఏప్రిల్‌లో కాంట్రాక్టు అయిపోయిందని ఇంటికి పంపలేరు. మన కాలంలో ఆ మనిషి ఒక్కరుంటే, సెల్లు ఎవరు కొనాలి అని అడగడానికైనా 37కు ఒక దిక్కు ఉండేది. ఈ ఉత్తర్వు వార్త గ్రూపులో పెట్టిన రోజు మా భవిత స్నేహితుడు ఏమీ రాయలేదు. ఇన్నేళ్ళు కాంట్రాక్టులో చేసినవాళ్ళను ఏం చేస్తారన్నది వాడి భయం. వాడి వయసు మీకు తెలుసు, మా అందరిదీ అంతే.

మనవాళ్ళలో టీచర్లు, హెడ్మాస్టర్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఒక చిన్న మాట. ఏటా యూడైస్ వివరాలు నింపేటప్పుడు ప్రత్యేక అవసరాల పిల్లల గడి ఒకటుంటుంది. పని ఒత్తిడిలో దాన్ని సున్నా వేసి వదిలేస్తుంటారు. రాష్ట్రం కేంద్రానికి పంపే వార్షిక ప్రణాళిక ఆ అంకెల మీదే నడుస్తుంది. మీరు వేసిన సున్నా ఢిల్లీ దాకా పోతుంది. అలాగే విద్యా కమిటీలో ఉన్నవాళ్ళు భవిత సార్ వచ్చే రోజు ఏదో తెలుసుకుని ఆ తల్లికి ముందే చెప్పండి. ఆటో నడిపే తమ్ముళ్ళు ఎవరైనా ఆ రోజు ఆమె దగ్గర డబ్బులు తీసుకోకపోతే మేము సంతోషిస్తాం. ఇవి పరిష్కారాలు కావు. పద్దు మారేదాకా గడవాలి కదా.

37 ఇప్పుడు మోటార్లకు వైండింగ్ చేసే షాపు నడుపుతున్నాడు. లెక్క తప్పని పని, చుట్లు లెక్కపెట్టాలి. భార్యకు కూడా వినపడదు, పిల్లలిద్దరికీ బాగా వినపడుతుంది. వీడియో కాల్ వచ్చాక వాడు మా అందరికన్నా ఎక్కువ మాట్లాడతాడు. సైగలు అర్థం కాక మేమే “మెల్లగా, మెల్లగా” అంటుంటాం.

ఇప్పుడు మన హాస్టల్లో ఆరో తరగతి చదివే తమ్ముడొకడున్నాడు, వాణ్ణి మీరు రోజూ చూస్తున్నారు. చెవి వెనక మిషన్ పెట్టుకుంటాడు. కిందటి నెల మేము వచ్చినప్పుడు మిషన్ పెట్టెలో ఉంది, వాడు మొదటి బెంచీలో ఉన్నాడు. ఏమిట్రా అంటే సెల్లు అయిపోయిందన్నాడు. మాకు ఒక్క నిమిషం ఎటు చూడాలో తెలియలేదు. 1995లో మేము సబ్బు అమ్మిన పనే, ఇప్పుడు ఫోన్‌పేలో చేశాం. ఏడాదికి సరిపడా సెల్లులు తెప్పించి వార్డెన్ గారికి ఇచ్చాం. గొప్ప కోసం రాయడం లేదు. ముప్పై ఏళ్ళ తర్వాత కూడా అదే చందా వసూలు చేయవలసి వచ్చిందని రాస్తున్నాం.

వార్షికోత్సవానికి 37ను కూడా తీసుకొస్తున్నాం. ఈ సంగతి వాడికి వీడియోలో చెబితే చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత గోడ వైపు వేలు చూపించి, గుండ్రంగా తిప్పి, రెండు వేళ్ళతో ఏదో తీసినట్టు చూపించాడు. గడియారంలోది తీయొచ్చుగా అని. లేదురా, ఇప్పుడు వాడి మిషన్‌కు చొక్కా గుండీ అంత సెల్లు కావాలి, గడియారం సెల్లు దానికి పట్టదు, ఆ గుండీ సెల్లు మన ఊరి కొట్లో దొరకదు, జిల్లా కేంద్రం నుంచి తేవాలి అని చెప్పాం. వాడు కాసేపు ఆలోచించి, అయితే వచ్చేటప్పుడు మా టౌనులో రెండు అట్టలు కొనుక్కొస్తాను, సైజు నంబరు కనుక్కుని పంపండి అన్నాడు.